తెలుగు మీదుగా కోయకు: దుమ్ముగూడెం మిషనరీ భాషాభ్యాసం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు భాషాధ్యయన చరిత్రలో విదేశీయుల కృషి ప్రస్తావనకు రాగానే సి.పి. బ్రౌన్ వ్యాకరణం (1840), నిఘంటువు (1852) ముందుగా గుర్తుకు వస్తాయి. ఆ చరిత్ర ప్రధానంగా తీరాంధ్ర పట్టణాలది, కచేరీలది, పండితులది. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో భాష నేర్చుకున్న మిషనరీ పరిస్థితి ఇందుకు భిన్నం. అతడు ఒక భాష నేర్చుకుంటే సరిపోలేదు. తెలుగు నేర్చుకొని, ఆ తెలుగు ద్వారా కోయ నేర్చుకోవలసి వచ్చింది. అందువల్ల అతని రచనల్లోని కోయ సమాజం నేరుగా విన్నది కాదు, తెలుగు మీదుగా విన్నది. దుమ్ముగూడెంలో పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్ రచనలను ఈ దృష్టితో పునఃపరిశీలించవలసి ఉందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

స్థల నేపథ్యం

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుండి బ్రిటిష్ పాలనలోకి వచ్చాయి. కొంతకాలం మధ్యపరగణాల్లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరాయి. ఎగువ గోదావరిని నౌకాయానానికి అనువుగా మలచే పథకంలో భాగంగా దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పని సాగింది. ఆ పనులు చూసిన ఇంజనీరు హెయిగ్ చొరవతోనే చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషన్‌కు అక్కడ పునాది పడింది. తొలి దశలో దానికి ఆధారంగా నిలిచినవాడు రాజు అనే తెలుగు క్రైస్తవుడు. అంటే దొరలకూ కోయలకూ మధ్య మొదటినుంచీ ఒక తెలుగు గొంతు ఉన్నది. కెయిన్ వచ్చి చేరినది ఈ అమరికలోనే.

శిక్షణ: తెలుగు అనే తొలి మెట్టు

కొత్తగా వచ్చిన మిషనరీకి బోధన కంటె ముందు భాషాభ్యాసం విధి. మున్షీ దగ్గర చదువుకోవడం, పరీక్షలో నెగ్గడం ఆ శిక్షణలో భాగాలు. ఆ శిక్షణ స్వభావాన్ని తెలుసుకోవడానికి అదే సొసైటీ తరఫున మచిలీపట్నంలో పనిచేసిన ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో ప్రచురించిన తెలుగు వ్యాకరణం ఉపకరిస్తుంది. మూడు భాగాల ఆ గ్రంథంలో మొదట వర్ణమాల, వ్యాకరణం, అభ్యాసాలు, తరువాత వాక్యనిర్మాణం ఉన్నాయి. గ్రాంథిక రూపాల పరిచయం మూడవ భాగానికి గాని రాదు. నాటి తెలుగు చదువులో గ్రాంథికమే గమ్యం. ఆర్డెన్ క్రమంలో వాడుక ముందు, గ్రాంథికం తరువాత. పరదేశి అవసరం ఈ క్రమాన్ని నిర్ణయించింది: అతడు కావ్యం చదవడానికి ముందు సంతలో మాట్లాడాలి.

అయితే ఈ శిక్షణ ఇచ్చే తెలుగు తీరప్రాంతపు తెలుగు. దానితో గోదావరి ఎగువకు వెళ్ళిన యువకునికి అక్కడి తెలుగు వేరుగా, కోయ పూర్తిగా కొత్తగా వినిపించడం సహజం. కోయకు అప్పటికి అచ్చయిన వ్యాకరణాల పరంపర లేదు. ఆ భాషకు మున్షీ అంటే అడవి పల్లెలోని మనిషే.

తెలుగు చేసిన మేలు, చేసిన కీడు

తెలుగు తెలిసి ఉండడం కోయ అభ్యాసానికి కొంత మేలు చేస్తుంది. ఇంగ్లీషులో లేని ‘మేము–మనము’ భేదం తెలుగులో ఉంది, కోయలోనూ ఉంది. ప్రార్థనలో దేవునితో మాట్లాడేటప్పుడు ‘మేము’ అనాలి, సభనుద్దేశించి మాట్లాడేటప్పుడు ‘మనము’ అనవచ్చు. ఈ వివేకం తెలుగులో అలవడినవానికి కోయలో దాని విలువ వెంటనే బోధపడుతుంది.

చిక్కు పోలికలోనే ఉంది. కోయలో ‘ఏరు’ అంటే నీరు. తెలుగు చెవికి అది ప్రవాహం. కోయలో ‘లోను’ అంటే ఇల్లు. తెలుగు చెవికి అది విభక్తి. రూపంలో దగ్గరగా ఉన్న పదం అర్థంలో దూరమైనప్పుడు, తెలియని పదం కంటె అదే ఎక్కువ మోసం చేస్తుంది. తెలియని పదం వినగానే అభ్యాసకుడు అర్థం అడుగుతాడు, తెలిసినట్టు తోచిన పదాన్ని అడగడు.

లింగవ్యవస్థ ఇంతకంటె సూక్ష్మమైన ఉదాహరణ. ఏకవచనంలో తెలుగు, గోండీ వర్గ భాషలు రెండూ పురుషులను ఒకవైపు, మిగిలినవాటిని మరొకవైపు ఉంచుతాయి. బహువచనంలో దారులు విడిపోతాయి. తెలుగు స్త్రీలను మనుష్య వర్గంలో చేర్చి ‘వచ్చారు’ అంటుంది. గోండీ వర్గం సాధారణంగా ఏకవచనపు విభజననే బహువచనంలోనూ కొనసాగిస్తుంది. ఏకవచనంలో కుదిరిన సామ్యాన్ని నమ్మి తెలుగు సూత్రాన్ని బహువచనానికి పొడిగించిన అభ్యాసకుడు తప్పులో పడతాడు. అదే సూత్రంతో కొలిచే తెలుగు ఉపాధ్యాయునికి కోయ పిల్ల మాట తప్పుగా వినిపిస్తుంది. రెండు చోట్లా కొలబద్ద ఒకటే.

కెయిన్ రచనలు: వినికిడి, వివరణ

భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గురించి కెయిన్ రాసిన వ్యాసాలు 1876 నుండి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వెలువడ్డాయి. లూకా సువార్త కోయ అనువాదం 1889లో అచ్చయింది. థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కుల, తెగల సంపుటాల్లో కోయలను గురించిన భాగం చాలా మేరకు కెయిన్ మీదనే ఆధారపడింది. దానివల్ల ఒక అభ్యాసకుని వినికిడి అధికారిక జ్ఞానంగా స్థిరపడింది.

ఈ ప్రస్థానంలో పోయినది సంభాషణా సందర్భం. ఫలానా ఆచారాన్ని ఎవరు చెప్పారు, కోయలో చెప్పారా, తెలుగులో చెప్పారా అన్న ప్రశ్నలు సంకలనంలో మరుగునపడి, ‘కోయలు ఇలా చేస్తారు’ అన్న నిత్యవర్తమానం మిగిలింది. జాతి పేరే ఇందుకు నిదర్శనం. వారు తమను ‘కోయ్‌తోర్’ అని చెప్పుకుంటారు. ‘కోయ’ తెలుగువారి వ్యవహారం, ‘కోయదొర’ అనడంలోని ‘దొర’ తెలుగు మాట. ‘పండుం’ అన్న మాట మరొకటి. దాన్ని ‘పండుగ’ అని తెలుగు చేయగానే తిథి, వేడుక స్ఫురిస్తాయి. కోయ వ్యవహారంలో కొత్త పంటను, కాయను తినడానికి సమాజం, దేవత ఇచ్చే అనుమతి అందులో ముఖ్యం. పండుం జరగనిదే ఆ కాయ తినరాదు. తెలుగు పర్యాయపదం వేడుకను నిలిపి నియమాన్ని జారవిడుస్తుంది. తెలుగు మీదుగా ఇంగ్లీషుకు చేరిన వివరణలో ఈ నష్టం రెండింతలయ్యే అవకాశం ఉంది.

ఇంతమాత్రాన కెయిన్ కృషిని తోసిపుచ్చనక్కరలేదు. ఒకే చోట ఏళ్ళతరబడి నిలిచి, లిఖిత సాహిత్యం లేని భాషలో ఒక పూర్తి గ్రంథాన్ని నిలబెట్టడానికి కావలసిన ఓపిక ఆ కృషిలో ఉంది. మత ప్రయోజనం ఆ పనికి ప్రేరణ కావచ్చు, దాని భాషాశాస్త్ర విలువకు అదే హద్దు కాదు. ఆ రచనలను కోయ సమాజానికి అద్దంగా కాక, మూడు భాషల మధ్య జరిగిన బేరసారాల పత్రంగా చదవాలి.

గిడుగుతో తులన

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకున్న తీరు ఇక్కడ పోల్చదగినది. ఆయన కూడా తెలుగు నుండే సవరలోకి వెళ్ళారు. కాని సవరను సవర కట్టుబాటుతోనే వర్ణించడానికి పూనుకున్నారు. 1931 నాటి సవర వ్యాకరణం, 1938 నాటి నిఘంటువు ఆ దీక్ష ఫలాలు. పుస్తకాల్లో చదివిన తెలుగుకూ జనం నోట విన్న తెలుగుకూ పొంతన కుదరని పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్ సందేహం ఆయనను వాడుకభాష వైపు కదిలించిన సంగతి ప్రసిద్ధం. సవర పిల్లల నోటిమాటకు విలువ కట్టిన మనిషి గనుకనే ఆ సందేహం ఆయనను అంతగా తాకిందనడం సమంజసం. అడవి భాష నేర్చినవాడు సొంత భాషను కొత్తగా వింటాడన్నదానికి గిడుగు జీవితం సాక్ష్యం.

ముగింపు

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన మాతృభాషాధారిత బహుభాషా విద్యలో కోయ వాచకాలు తెలుగు లిపిలోనే వెలువడ్డాయి. నాటి మిషనరీ ఎక్కిన మెట్లను నేటి కోయ పిల్ల ఎదురు దిశలో ఎక్కుతున్నది. అతడు తెలుగు నుండి కోయకు వెళ్ళాడు, ఆ పిల్ల కోయ నుండి తెలుగుకు వస్తున్నది. దుమ్ముగూడెం అనుభవం తెలుగు శాఖలకు ఇచ్చే పాఠం ఇదే: దగ్గరి భాష అనగానే సులభమైన భాష కాదు, పోలికలు కనిపించిన చోటనే ఎక్కువ జాగ్రత్తగా వినాలి. కెయిన్ సేకరణలోని పదాలను, ఆచార వివరణలను నేటి కోయ వక్తలతో, కోయ పరిశోధకులతో కలిసి తిరిగి చదివే పని చేపట్టాలి. నూట యాభై ఏళ్ళ నాటి అభ్యాసకుని పలకను దిద్దే అర్హత ఆ భాష మాట్లాడేవారికే ఉంది.