దర్బారు చరిత్ర, డెల్టా చరిత్ర

విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలో ఒక్కొక్క ఆచార్యునికి ఒక్కొక్క ప్రత్యేక రంగం ఉంటుంది. అది అవసరమే. అయితే ఆ రంగాల మధ్య గట్లు వేస్తున్నది తరచుగా విషయం కాదు, పరిశోధకునికి వచ్చిన భాష.

గోల్కొండ చరిత్రే ఇందుకు నిదర్శనం. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులుగా పనిచేసిన హారూన్ ఖాన్ షేర్వానీ 1974లో కుతుబ్ షాహీ వంశ చరిత్రను వెలువరించారు. ఫారసీ ఆధారాలపై వారి అధికారం తిరుగులేనిది. ఇబ్రాహీం కుతుబ్ షా ఆదరించిన తెలుగు కవులనూ వారు విస్మరించలేదు. కాని గ్రంథం పాలకుల వరుసలో నడిచింది; కృష్ణా డెల్టా రాజధాని నుంచి చూసిన ప్రాంతంగానే మిగిలింది. 1975లో జాన్ రిచర్డ్స్ గోల్కొండలో మొగలుల పాలనను పరిశీలించారు. 1994లో అరసరత్నం, అనిరుద్ధ రే మచిలీపట్నం, కాంబే రేవుల చరిత్ర రాశారు. రేవు చరిత్రకు ఐరోపా కంపెనీల దస్తావేజులు గొప్ప ఆధారమే; కాని సరుకు నేసిన పల్లె వాటిలో కంపెనీ గుమాస్తా కంటికి ఆనినంత మేరకే కనబడుతుంది. ఆ పల్లె తన మాట తాను చెప్పుకున్న చోటు మెకంజీ సేకరించిన తెలుగు కైఫియతులు.

లోపం పండితులదే కాదు, మనది కూడా. తానాషా కూచిపూడిని కళాకారులకు అగ్రహారంగా ఇచ్చాడనే ఐతిహ్యాన్ని సభలలో సగర్వంగా చెప్పుకుంటాం. ఫారసీ సనదుల పద్ధతినీ, తెలుగు గ్రామ లెక్కలనూ పక్కపక్కన పెట్టి దానిని పరీక్షించాలని మాత్రం కోరము. పొగడ్త చాలునని ఊరుకుంటాము.

ఒకసారి డెల్టాలోని ఒక ముజావర్ కుటుంబం తాతల నాటి ఇనాం కాగితాన్ని నా వద్దకు తెచ్చింది. మొహరు చదివాను, ఖాజీ పేరు చదివాను. ఊరి పేరు మాత్రం ఫారసీ లిపిలో పడి పోల్చరాకుండా పోయింది. ఆ పేరు తేలితేనే భూమి ఏదో తేలేది. ఆ ప్రాంతపు తెలుగు కైఫియతులు ఎరిగినవారు పక్కన ఉంటే బహుశా గడియలో తేలేది. ఆ కుటుంబం కాగితం మడుచుకొని వెళ్ళిపోయింది.

కనుక ప్రత్యేక రంగాలు ఉండనివ్వండి. డెల్టాపై జరిగే ప్రతి పరిశోధనకూ ఫారసీ తెలిసిన ఒకరు, తెలుగు లిఖితాలు తెలిసిన ఒకరు కలిసి మార్గదర్శకులు కావాలి. మదరసాలో ఫారసీ చదివిన మన యువకులు ఈ పనికి ముందుకు రావాలి. పాత పెట్టెలలోని కాగితాలు మన వద్ద ఉన్న అమానత్. చెదపురుగు ఏ శాఖ కోసమూ ఆగదు.