నూనె లేని తొంభైలు

బతుకమ్మ రోజుల్లో హన్మకొండ వేయి స్తంభాల గుడి దగ్గర కాసేపు నిలబడితే ఈ మధ్య మూడు నాలుగు దశాబ్దాలు ఒకేసారి కనబడతాయి. ఒకమ్మాయి తల మీద డెబ్బైల నాటి ఎత్తు కొప్పు. పక్కమ్మాయి నుదుటి మీద అరవైల నాటి కత్తిరింపు. మరొకరికి రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఆ జడలు మాత్రం వదులుగా ఉంటాయి, చెంపల మీదికి నాలుగు పాయలు కావాలనే జార్చి ఉంటాయి. కాలేజీల్లో రెట్రో డే అన్నా ఇవే తలలు. వీటిని చూసి మూతి విరవడం ఈ వ్యాసం పని కాదు. పిల్లలు అందంగానే ఉన్నారు. నా ప్రశ్న వేరు. మనం రెట్రో పేరుతో తల మీద పెట్టుకుంటున్నది ఎవరి గతం?

ఎక్కువ భాగం సినిమా తారలదే. ఆ ఎత్తు కొప్పు వాణిశ్రీది. 1971లో ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమ్‌నగర్’ వచ్చాక ఆమె కొప్పూ, చీరకట్టూ తెలుగు ఊళ్లన్నీ తిరిగాయి. నుదుటి మీది కత్తిరింపు పేరే సాధనా కట్. 1960లో వచ్చిన హిందీ సినిమా ‘లవ్ ఇన్ సిమ్లా’ కోసం సాధన విశాలమైన నుదురును కప్పడానికి దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఆడ్రీ హెప్బర్న్ ముంగురులను అరువు తెచ్చాడు. హాలీవుడ్ నుంచి బొంబాయికి, అక్కణ్నుంచి మన ఊళ్లకు. అంటే మనం అసలు అనుకుంటున్నది కూడా ఒక నకలే. కాబట్టి అనుకరణను తప్పుపట్టలేం. అప్పటి ఆడవాళ్లూ అనుకరించారు.

తేడా అల్లా ఒకటుంది. అప్పటివాళ్లు ఆ కొప్పును తమ రోజులోకి తెచ్చుకున్నారు. జుట్టు చాలకపోతే లోపల సవరం చుట్టారు. పార్లరు లేదు కాబట్టి చెల్లెలో వదినో వెనక నిలబడి పిన్నులు పెట్టేది. పెళ్లికి కొప్పు, మర్నాడు పొలానికో ఆఫీసుకో మామూలు ముడి. తార తల మీద అది ఎప్పుడూ ఉండేది, వీళ్ల తల మీద ఒక్కపూట ఉండేది. మనకు ఇప్పుడు తార తల ఒక్కటే గుర్తుంది, ఆ ఒక్కపూట గుర్తులేదు.

ఈ మరపుకు కారణం తెలియాలంటే రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2018లో వచ్చిన నాగ్ అశ్విన్ ‘మహానటి’ జుట్టు విషయంలో దాదాపు తప్పు పట్టడానికి లేని సినిమా. కీర్తి సురేష్‌కు ఉత్తమ నటి, సినిమాకు దుస్తుల రూపకల్పన జాతీయ అవార్డులు వచ్చాయి. అవి ఊరికే రాలేదు. ‘మాయాబజార్’ శశిరేఖను మళ్లీ నిలబెట్టినప్పుడు పాపిట ఎక్కడ, జడ ఎంత లావు, పువ్వులు ఏ వైపు అన్న ప్రతి ప్రశ్నకూ జవాబు 1957 నాటి రీళ్లలోనే ఉంది. సావిత్రి తల ప్రతి కోణం నుంచీ చిత్రీకరణ అయిపోయింది. చూసి దిద్దుకోవడం కష్టమే, కానీ చూడటానికంటూ ఒకటి ఉంది.

వేణు ఊడుగుల ‘విరాట పర్వం’ (2022) దగ్గర ఆ వసతి లేదు. తొంభైల నాటి వరంగల్ పల్లె, అరణ్య అనే పేరుతో ఒక నక్సలైటు రాసిన కవిత్వం చదివి అతణ్ని వెతుక్కుంటూ ఇల్లు విడిచిన వెన్నెల. ఈ అమ్మాయి తలకు మూలప్రతి ఏ రీలులోనూ లేదు. సినిమా చాలా సంగతుల్లో నిజాయితీగా పనిచేసింది. సాయిపల్లవి లంగా ఓణీలో, జడలో తారల హంగు తక్కువ. అయినా ఆ జుట్టు గాలికి కదులుతుంది, వెలుగు పడితే విడివిడిగా మెరుస్తుంది. తొంభైల్లో మన పల్లెటూరి ఆడపిల్ల తల అట్లా కదలదు. దానికి నూనె ఉంటుంది. ఇల్లు వదిలి అడవి దాకా పోయిన పిల్ల తల మొదట్లో ఎట్లా ఉంది, చివరికి ఎట్లా అయింది అన్నది కూడా పెద్ద సంగతే. ఇంటి నుంచి ఆమె ఎంత దూరం వెళ్లిందో మాటలో, నడకలో తెలిసినంతగా తలలో తెలియదు.

నూనె గురించి ఇంత పట్టుదల ఎందుకంటారా? ఆ కాలపు జుట్టు తీరుకు అదే పునాది కాబట్టి. కొబ్బరినూనె పట్టించిన వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని పాయగా నిలుస్తాయి. పొద్దున బిగించి వేసిన జడ బడి వదిలేదాకా చెదరదు. రెండు జడలనూ పైకి మడిచి చెవుల దగ్గర రిబ్బను కడితే అట్లాగే ఉంటాయి. పొద్దున్నే షాంపూ, కండిషనర్ పెట్టి కడిగిన ఇప్పటి జుట్టు జారిపోతుంది. అందుకే పార్లర్లో రెట్రో తల కావాలంటే ముందు చివర్ల నుంచి కుదుళ్ల వైపు వెనక్కి దువ్వి గరుకు చేస్తారు, తర్వాత స్ప్రే కొడతారు, ఆపైన పిన్నులు గుచ్చుతారు. నూనె చేసే పని చేయించడానికి ఇన్ని అవస్థలు. నూనె మాత్రం వద్దు. జిడ్డుగా, పేదగా, పల్లెటూరుగా కనబడతామని. రెట్రో అన్న మాటలోంచి మనం మొదట కడిగేసింది ఇదే.

కడిగేసినవి ఇంకా ఉన్నాయి. పాత ఇళ్లల్లో స్టూడియో ఫొటోలు తీసి చూడండి. అమ్మాయి బిగుసుకుని నిలబడి ఉంటుంది, జడ తెచ్చి ముందుకు వేసుకుని ఉంటుంది. ఎంత పొడుగో ఫొటోలో పడాలి కదా. పూలజడ అయితే వెనక అద్దం పెట్టి తీసేవారు, ముఖమూ జడా రెండూ ఒకే ఫొటోలో. నుదురు మెరుస్తూ ఉంటుంది, అది నూనె. పాపిట గీత గీసినంత తిన్నగా ఉంటుంది, అది అమ్మ చెయ్యి. “కదలకు బిడ్డా, పాపిట వంకర పోతది” అన్న మాట ఫొటోలో వినబడదు గానీ ఆ గీతలో ఉంది. తన తల తనే దువ్వుకున్నవాళ్లు ఆ ఫొటోల్లో తక్కువ. జడ అప్పట్లో ఇద్దరు మనుషుల పని.

అది ప్రేమ పని మాత్రమే అనుకుంటే మళ్లీ సినిమాలో పడ్డట్టే. బిగుతు జడ క్రమశిక్షణ కూడా. రెండు జడలు వేసుకుని రాకపోతే బడిలో బయట నిలబెట్టేవారు. జుట్టు విరబోసుకుంటే ఇంట్లో తిట్లు, కత్తిరించుకుంటే వీధంతా మాటలు. ఇక సంక్షేమ హాస్టళ్లలో చదివిన పిల్లల్లో కొందరికి ఆ జడ కూడా దక్కలేదు. పేలు పడతాయని, దువ్వే దిక్కు లేదని క్రాఫు కొట్టించారు. అమ్మ ఊళ్లో కూలికి పోయింది, పిల్ల హాస్టల్లో గుండుకు కొంచెం ఎక్కువైన తలతో పదో తరగతి పాసైంది. ఆ పిల్ల తొంభైలు ఏ రెట్రో డేలోనూ కనబడవు. రెండు జడల మీద మన మురిపెంలో ఆమె లేదు.

రాలిన వెంట్రుకలకూ ఒక కథ ఉంది. దువ్వెనకు చుట్టుకున్న చిక్కును పారేసేవారు కాదు, ఉండచుట్టి చూరులోనో గోడ సందులోనో దోపేవారు. వీధిలోకి మనిషి కేకేసుకుంటూ వస్తే ఆ ఉండలిచ్చి స్టీలు గిన్నె తీసుకునేవారు. వాళ్లిచ్చిన చిక్కే చేతులు మారి ఇంకెవరి కొప్పులోకో సవరంగా చేరేది. ఇవాళ ఆన్‌లైన్లో కొనే నైలాన్ జడకు అట్లా ఏ ఇంటితోనూ లెక్క లేదు.

దీన్నంతా అమ్మాయిల నెత్తిన పెట్టి, బతుకమ్మకు వచ్చేముందు చరిత్ర చదివి రమ్మనడం నా ఉద్దేశం కాదు. పండక్కి ముస్తాబు పండక్కే. వదులు జడ వేసుకున్న పిల్ల తన అమ్మకు లేని ఒక సులువును అనుభవిస్తోంది కూడా. బిగించమని ఎవరూ అడగని జడ అది. అందుకు నాకు సంతోషమే. లెక్క అడగాల్సింది గతాన్ని చూపిస్తామని డబ్బు పెట్టి తీసేవాళ్లను. తెలంగాణ నేపథ్యంలో ఎనభైలు, తొంభైల కథలు ఇప్పుడు వరసగా వస్తున్నాయి. గోడ మీద రాతలు, అంబాసిడర్ కార్లు, రేడియోలు వెతికి మరీ పెడుతున్నారు. హీరోయిన్ తల దగ్గరికి వచ్చేసరికి ఇప్పటి షాంపూ ప్రకటనకు భయపడుతున్నారు. ముఖం చుట్టూ జుట్టు ఎగరకపోతే అందం తగ్గుతుందన్న భయం అది. ‘మహానటి’కి ఆ భయం అక్కర్లేకపోయింది, సావిత్రి అందాన్ని జనం ముందే ఒప్పుకున్నారు. మామూలు ఆడపిల్ల తలను అట్లా ఒప్పుకోవడానికి మనం ఇంకా సిద్ధంగా లేం.

పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. గడప మీద అమ్మ, కింది మెట్టు మీద కూతురు. నూనె గిన్నె, పేల దువ్వెన, పళ్ల మధ్య పట్టుకున్న రిబ్బను. కెమెరా కదలకుండా రెండు నిమిషాలు. రెండో జడ సగంలో ఉండగా పిల్ల లేచి వెళ్లిపోతానంటే తల్లి జుట్టు పట్టి కూర్చోబెడుతుంది. ఇల్లు విడిచిపోయే వెన్నెల లాంటి పిల్ల కథ తీసేవాళ్లు అక్కణ్నుంచి మొదలుపెట్టవచ్చు.