చీకట్లో చేతికి తెలిసే సీసా

ఊళ్ళోకి ఫ్రిజ్‌లు రాని రోజుల్లో కిళ్ళీకొట్టు ముందు ఓ రేకుపెట్టె ఉండేది. ఐసు కరిగిన నీళ్ళలో సీసాలు మునిగి ఉండేవి. కొట్టాయనకి బేరం తెమలకపోతే "నువ్వే తీసుకో బాబూ" అనేవాడు. మోచేతి దాకా చెయ్యి ముంచి తడుముకోవడమే. నిటారు సీసా తగిలితే అది నారింజో నిమ్మో తెలిసేది కాదు, పైకి లాగి చూడాల్సిందే. నడుమున్న సీసా తగిలితే మాత్రం చూసే పని లేదు.

సరిగ్గా ఈ తడుములాట కోసమే ఆ నడుము పుట్టిందని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. కోకాకోలా సీసాని అందానికి మెచ్చుకునేవాళ్ళకి కొదవ లేదు. నాకు అందులో వ్యాపారపు తెలివే ఎక్కువ కనిపిస్తుంది.

కథ 1899లో మొదలవుతుంది. అప్పటికి ఆ డ్రింకు ఎక్కువగా సోడా ఫౌంటెన్ల దగ్గర గ్లాసులో కలిపి ఇచ్చేదే. అమెరికాలోని చట్టనూగా నుంచి బెంజమిన్ థామస్, జోసెఫ్ వైట్‌హెడ్ అనే ఇద్దరు లాయర్లు అట్లాంటా వెళ్ళి, సీసాల్లో నింపి అమ్ముకునే హక్కు ఇమ్మని కంపెనీ యజమాని ఏసా కాండ్లర్‌ని అడిగారు. ఆయనకి సీసాల వ్యాపారం మీద నమ్మకం లేదు. ఒక్క డాలరుకి రాసిచ్చేశాడు. ఆ డాలరు కూడా వసూలు చేసుకోలేదంటారు. ఒప్పందానికి గడువు లేదు, డ్రింకు కలిపే పాకం ధర పెంచుకునే వెసులుబాటూ కంపెనీకి లేదు. మొదటి ప్రపంచయుద్ధం వేళ పంచదార ధర ఆకాశానికి ఎగిరాక ఈ రెండో సంగతే కంపెనీ మెడకి చుట్టుకుంది. కోర్టుల దాకా వెళ్ళి, 1921లో పాకం ధరని పంచదార ధరకి ముడిపెట్టుకున్నాక గానీ ఆ తగవు తెమల్లేదు.

కాండ్లర్ అమాయకుడని నవ్వేముందు రెండోవైపు చూడాలి. ఆ ఇద్దరి దగ్గర ఊరూరా హక్కు పుచ్చుకున్న బాట్లర్లు, అంటే సీసాలు నింపేవాళ్ళు, ఫ్యాక్టరీ, సీసాలు, బళ్ళు, గుర్రాలు, కూలీలు అన్నీ ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి డబ్బుతో వాళ్ళు పెట్టుకున్నారు. 1909 నాటికి అలాంటి ప్లాంట్లు 400కి దగ్గరపడ్డాయి. కంపెనీ పాకం కాచి పంపితే చాలు. సొంత సొమ్ము పెట్టకుండా దేశమంతా పాకిపోయే ఈ పద్ధతినే తర్వాత ప్రపంచమంతా నడిపారు.

చిక్కల్లా పెత్తనం దగ్గర. ఊరికో యజమాని, యజమానికో సీసా. ఒకరిది తెల్లగాజు, ఇంకొకరిది గోధుమరంగు, అన్నీ నిటారువే. గుర్తుపట్టడానికి అతికించిన లేబులు కాగితంది. ఐసునీళ్ళలో నానితే ఊడిపోయేది. ఈలోగా కోకా నోలా, టోకా కోలా, మా కోకా కో అంటూ నకళ్ళు బయల్దేరాయి. నీళ్ళలో చెయ్యి పెట్టినవాడికి ఏది దొరుకుతుందో వాడి అదృష్టం.

1915లో గాజు కంపెనీల మధ్య పోటీ పెట్టారు. పోటీలో అడిగింది ఇది: చీకట్లో ముట్టుకున్నా తెలియాలి, పగిలి కింద పడి ఉన్నా తెలియాలి. ఇంతకన్నా పదునైన పని అప్పగింత నేను చూడలేదు. అందంగా ఉండాలని అడిగి ఉంటే ఈ సీసా వచ్చేది కాదేమో.

ఇండియానా రాష్ట్రంలోని టెర్రెహోట్‌లో రూట్ గ్లాస్ కంపెనీ అనే గాజు ఫ్యాక్టరీ ఉండేది. అందులో అచ్చుల పని చూసే ఎర్ల్ డీన్ డ్రింకులోని కోకా ఆకు, కోలా గింజ ఎలా ఉంటాయో చూద్దామని గ్రంథాలయానికి వెళ్ళాడు. విజ్ఞాన సర్వస్వంలో అతని కన్ను పడింది మాత్రం కోకో కాయ బొమ్మ మీద. ఆ డ్రింకులో కోకో చుక్క కూడా లేదు! గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో అంతరపంటగా వేసే కోకో కాయని ఒకసారి చేతిలోకి తీసుకోండి. మధ్యలో ఉబ్బు, రెండు కొసలా సన్నం, నిలువునా గాడులు. డీన్ ఆ గాడుల్నే గాజులోకి దించాడు. పైనా కిందా గాడులు, మధ్యలో నున్నటి పట్టీ, పట్టీ మీద గాజులోనే ఉబ్బెత్తుగా పేరు. నానినా ఊడదు. తడిచేతిలో గాడులు పట్టు ఇస్తాయి. వేళ్ళు వాటంతటవే నడుము దగ్గర ఆగుతాయి.

మొదటి నమూనాకి అడుగు కన్నా పొట్ట పెద్దది. కన్వేయర్ మీద నిలబడకుండా ఒరిగిపోయేది. పొట్ట తగ్గించారు. మనం ఎరిగిన సన్నని రూపు ఆ దిద్దుబాటు వల్ల వచ్చిందే. పేటెంటు డీన్ పేరున రాలేదు, ఫ్యాక్టరీ సూపరింటెండెంటు అలెగ్జాండర్ శామ్యూల్సన్ పేరున వచ్చింది, 1915 నవంబరు 16న.

మన గోలీసోడా సీసా కూడా తక్కువదేం కాదు. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్నది. లోపలి గ్యాసే గోలీని రబ్బరు వాషరుకి అదిమి మూత వేస్తుంది, మెడలోని నొక్కులు వంచినప్పుడు గోలీని పట్టి ఉంచుతాయి. పనితనంలో ఇదే గొప్పదని నా ఓటు. కాకపోతే దాని ప్రతి వంపూ గ్యాసు కోసం. డీన్ సీసాలో వంపులన్నీ కొనేవాడి చెయ్యి కోసం.

కొత్త సీసా ఖరీదెక్కువ, ఆ ఖర్చు బాట్లర్లదే. గునిశారు. అయినా 1916 నుంచి ఒక్కొక్కరే దానికి మారారు, నకళ్ళ బెడద వాళ్ళకీ ఉంది కదా. అందులో పట్టేది 6.5 ఔన్సులు, మన లెక్కలో 192 మిల్లీలీటర్లు. ధర 5 సెంట్లు. గ్లాసులో అమ్మడం మొదలైన 1886 నుంచి సుమారు 70 ఏళ్ళు ఆ ధర కదల్లేదు. వెండింగ్ మెషీన్లు మింగేది 5 సెంట్ల నాణాన్నే కాబట్టి, ఏడున్నర సెంట్ల నాణెం వెయ్యమని 1953లో కంపెనీ పెద్ద రాబర్ట్ వుడ్రఫ్ ఏకంగా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నే అడిగాడు. 2003 ప్రాంతంలో మన పల్లెల్లోకి 200 మిల్లీలీటర్ల సీసా 5 రూపాయలకి వచ్చినప్పుడు నాకు ఈ పాత కొలతే గుర్తొచ్చింది.

ఆ పాత అమెరికా సీసాని తిరగేస్తే అడుగున ఓ ఊరి పేరు ఉంటుంది, దాన్ని నింపిన బాట్లర్‌ది. ఒళ్ళంతా కంపెనీది, అరికాలు మాత్రం ఊరివాడిది. పిల్లలు దానితో ఓ ఆట ఆడేవారు. తలా ఓ సీసా తీసుకుని ఒకేసారి తిరగేసేవారు. ఎవరి సీసా ఎక్కువ దూరపు ఊరిదైతే వాళ్ళదే గెలుపు.