సెగ తగిలిన డప్పు

జాజ్ వైపు మనసు లాగి కొత్తగా బ్యాండు కట్టుకున్న పిల్లలు ఏం వినాలని అడిగితే, ముందు ఏదైనా ఊళ్లో పోచమ్మ బోనాల నాడు డప్పుల వెనక నడవమంటాను. మైల్స్ డేవిస్, కోల్ట్రేన్ రికార్డులు ఆ తర్వాత. మొదట చూడాల్సింది గడ్డి మంట. డప్పు ముఖాన్ని సెగకు అటూ ఇటూ తిప్పుతూ, నడుమ నడుమ వేలితో కొట్టి, చెవి ఒగ్గి వింటారు. ఎక్కువ కాగితే తోలు చిట్లుతుంది, తక్కువైతే మొద్దుగా పలుకుతుంది, కొలత చెవిదే. ఆపై డప్పు భుజానికెక్కుతుంది. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. సిర్ర గుమ్మని అడుగు వేస్తే, పుల్ల చిటపటలాడుతూ సందులన్నీ నింపుతుంది. ఒకరు దరువు మారిస్తే మిగతావాళ్లు కంటిచూపుతోనే అందుకుంటారు. ముందు కాగితం ఉండదు. జాజ్ వాయించేవాళ్లు ఏళ్లు పెట్టి నేర్చుకునేది ఈ అందుకోవడమే కదా! 1963లో మన దేశం వచ్చిన జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ కూడా విన్నదాన్ని అప్పటికప్పుడు అనుకరించలేదు, మనసులో నాననిచ్చాడు. ఆ ప్రయాణంలోంచి పుట్టిన 'ఫార్ ఈస్ట్ సూట్' రికార్డు 1967లో గానీ రాలేదు. పిల్లలూ, మీరూ తొందరపడొద్దు. నెత్తిన బోనంతో ఆడబిడ్డ నడుస్తుంటే దరువు ఆమె అడుగుకు తగ్గట్టు నెమ్మదిస్తుంది, గుడి దగ్గరపడగానే ఉరకలెత్తుతుంది. అప్పుడు చూడండి, వాయించేవాళ్ల కళ్లు డప్పు మీద ఉండవు, ఆమె పాదాల మీద ఉంటాయి.