రాస్ ద్వీపపు చర్చి: రాళ్ళు, వేళ్ళు

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదురుగా ఒక చిన్న ద్వీపం ఉన్నది. 2018 డిసెంబరు 30న దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. అంతకుముందు అది రాస్ ద్వీపం. 1858లో అండమానులో ఖైదీల స్థావరం ఏర్పడిన తరువాత ఎనభై ఏళ్ళకు పైగా ఆంగ్లేయుల పరిపాలన అక్కడినుండే సాగింది. ఛీఫ్ కమిషనర్ నివాసం, సైనికుల బారకాసులు, రొట్టెల బట్టీ, క్లబ్బు మొదలైన కట్టడాలు నేడు శిథిలాలు. వాటిలో సందర్శకుని చూపును నిలిపివేసేది ప్రెస్బిటేరియన్ చర్చి.

పైకప్పు లేని రాతిగోడలు, కమానులు మాత్రమే నేడు మిగిలాయి. కిటికీ చట్రాలకు బర్మా టేకును వాడారనీ, బలిపీఠం వెనుక రంగు గాజులను ఇటలీ నుండి తెప్పించారనీ చెబుతారు. స్వదేశపు ప్రార్థనా మందిరాన్ని సముద్రాల కావల పునఃసృష్టించుకోవాలన్న పాలకుల తపన ఈ నిర్మాణంలో స్పష్టం. అయితే ద్వీపంలోని అడవిని నరికి, ఆ పట్టణానికి చోటు కల్పించినది ఖైదీల శ్రమ. వారిలో తొలి బృందాలు 1857 తిరుగుబాటు అనంతరం శిక్షపడినవారివి. కట్టడపు సొగసును వర్ణించి ఈ శ్రమను విస్మరించే చరిత్ర అసంపూర్ణం.

1941 జూన్ 26 నాటి భూకంపం ద్వీపాన్ని దెబ్బతీసింది. మరుసటి ఏడు మార్చిలో జపాను సేనలు అండమానును ఆక్రమించాయి. పాలనా కేంద్రం మళ్ళీ అక్కడికి రాలేదు. మనుషులు విడిచిన గోడలను మర్రిజాతి చెట్లు ఆక్రమించాయి.

ప్రకృతి ప్రతీకారంగా ఈ దృశ్యాన్ని మెచ్చుకోవడం పరిపాటి. సంరక్షకుని సమస్య వేరు. వేళ్ళు రాళ్ళను విడదీస్తున్నాయి. ఆ వేళ్ళే గోడలను పట్టి నిలుపుతున్నాయి. నరికితే గోడ కూలవచ్చు, వదిలితే చీలవచ్చు. కంబోడియాలోని తా ప్రోమ్ ఆలయంలో భారత పురావస్తు శాఖ ఇటువంటి చిక్కునే ఎదుర్కొని, చెట్లను నిలుపుతూనే గోడలను బాగుచేసే మార్గాన్ని అనుసరించింది. ఆ అనుభవం ఇక్కడ ఉపకరించగలదు.

ముందుగా కావలసినవి రెండు: ప్రతి గోడకు కొలతలతో కూడిన చిత్రపటం, దానితోపాటు ఖైదీల శ్రమను పేర్కొనే వివరణ. చెట్టు ఎంతకాలం నిలుపుతుందో తెలియని గోడకు ఈ లిఖిత సాక్ష్యమైనా మిగలాలి.