ఏది వణికింది? ఎంత వణికింది?

పాఠంలో ‘క్వివర్’ అనే ఇంగ్లీషు మాట వస్తే, బోర్డు మీద ‘వణుకు’ అని రాసి ముందుకు పోవడం నాకు చేతకాదు. గైడ్లలో షివర్‌కూ ట్రెంబుల్‌కూ క్వేక్‌కూ అదే అర్థం కనిపిస్తుంది. అన్నిటికీ ఒకే అర్థం రాసుకున్న పిల్లవాడికి ఏది ఎక్కడ వాడాలో ఎట్లా తెలుస్తుంది? అందుకే రెండు ప్రశ్నలు వేస్తాను. ఏది వణికింది? ఎంత వణికింది?

మా ఆత్మకూరు పిల్లలకు జవాబులు తెలుసు. ధనుర్మాసం తెల్లవారుజామున ఒళ్లు గజగజలాడితే షివర్. కాళ్ల కింద నేల అదిరితే క్వేక్. ఏడుపు ఆపుకుంటున్న పాప కింది పెదవి అదురుతుందే, అది క్వివర్. కోపానికి ముక్కుపుటాలు అదిరినా, మాట్లాడుతుంటే దుఃఖం అడ్డుపడి గొంతు వణికినా అదే మాట. కదలిక చిన్నది, వేగం ఎక్కువ.

ఇంకా పట్టుబడకపోతే రావిచెట్టు కిందికి తీసుకుపోతాను. పక్కన వేపాకు కదలకున్నా రావాకు కదులుతుంది. దాని తొడిమ సన్నగా, పొడుగ్గా ఉంటుంది; ఏ కాస్త గాలి తగిలినా ఆగదు. సంస్కృతంలో రావికి ‘చలదళం’ అని పేరు పెట్టినవాళ్లు ఈ కదలికనే చూశారు.

క్వివర్ అంటే అమ్ములపొది కూడా. రెండు మాటల పుట్టుక వేరు, అక్షరాలు ఒకటే. నల్లమలలో చెంచుల విల్లంబులు చూసిన పిల్లలకు ఆ అర్థం చెప్పడం తేలిక. భుజానికి తగిలించుకుంటే పొది, పెదవి మీద కనిపిస్తే అదురు. వాక్యం చూస్తే ఏదో తెలిసిపోతుంది.

మాటను వాడుకతో కలిపి చెప్పే ఈ పద్ధతికి పెద్ద ఆధారం మన రాయలసీమలోనే ఉంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడు. అందులో ఎన్నో మాటల పక్కన అర్థంతో ఆగక, జనం వాడే ప్రయోగాలూ చేర్చాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరనే గ్రంథాలయం నడుస్తోంది.

ఇంగ్లీషు మాట సరిగ్గా నేర్పాలంటే గజగజ, గడగడ, దడదడ, రెపరెప, జలదరింపు, అదురు అన్నీ పిల్లల నోట ఉండాలి. తెలుగులో తేడా తెలిసినవాడు ఇంగ్లీషులో తేడా పట్టుకుంటాడు. కాబట్టి తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: కొత్త మాట చెప్పిన ప్రతిసారీ, పిల్లలు తమ ఇంట్లోనో పొలంలోనో చూసినదాని మీద సొంతంగా ఒక వాక్యం రాసేదాకా ఆ మాటను వదలకండి.