ఇష్టమైన ఇంద్రియం, అవసరమైన ఇంద్రియం

చదివితేనే బుర్రకెక్కుతుందని కొందరు, వింటేనే గుర్తుంటుందని మరికొందరు, చేతులారా చేస్తే తప్ప ఏదీ పట్టుబడదని ఇంకొందరు తమ గురించి చెప్పుకొనే మాటలలో నిజం లేకపోలేదు గానీ, అది వారు అనుకొనే నిజం కాదు. ఫలానా ఇంద్రియం ద్వారా తెలుసుకోవడం మనిషికి హాయిగా ఉండడం ఒక విషయం, ఆ దారిన తెలుసుకొన్నదే అతనికి బాగా వంటబట్టడం మరొక విషయం. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం వల్ల బోధనాశాస్త్రంలోనూ, వ్యక్తిత్వ వికాస శిక్షణలలోనూ చాలా గందరగోళం పేరుకుపోయింది.

మనుషుల మధ్య తేడాలు ఉన్నాయనడంలో సందేహం లేదు. 1880లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్, ఉదయం ఫలహారానికి కూర్చున్న బల్లను తలచుకొని అది మనసులో ఎంత స్పష్టంగా, ఏ రంగులతో కనబడుతోందో చెప్పమని పలువురిని అడిగినప్పుడు, కళ్లెదుట ఉన్నట్టే ఉందన్నవారు ఉన్నారు, అసలు బొమ్మ అనేదే మనసులో ఏర్పడదన్నవారూ ఉన్నారు. ఆయనను ఎక్కువగా ఆశ్చర్యపరచిన సంగతి, ఆ రెండో వర్గంలో శాస్త్రవేత్తలు ఉండడం. మనసులో దృశ్యాన్ని కల్పించుకోలేని ఈ స్థితికి 2015లో నాడీవైద్యుడు ఆడమ్ జీమన్, ఆయన సహచరులు ‘ఎఫాంటేసియా’ అని పేరు పెట్టారు.

ఈ తేడాలను ఆధారం చేసుకొని 1970ల నడుమ కాలిఫోర్నియాలో రిచర్డ్ బ్యాండ్లర్, జాన్ గ్రైండర్ రూపొందించిన ‘న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్’ అనే పద్ధతి, మనిషి వాడే క్రియలను బట్టే అతని ప్రధాన ఇంద్రియాన్ని పట్టుకోవచ్చునని, ఎదుటివారు అదే ఇంద్రియానికి చెందిన మాటలు వాడితే సాన్నిహిత్యం పెరుగుతుందని ప్రతిపాదించింది. తరువాతి పరిశోధనలు దీనిని సమర్థించలేదు. పులుసును రుచి ‘చూసి’, మల్లెపూలను వాసన ‘చూసి’, ధరను అడిగి ‘చూసే’ తెలుగువారికి ఈ కొలమానం వర్తింపజేస్తే అందరూ దృశ్యప్రధానులుగానే తేలుతారు.

న్యూజిలాండ్‌లో పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన నీల్ ఫ్లెమింగ్ 1987లో రూపొందించిన ‘వార్క్’ ప్రశ్నావళి దీనికంటే వినయంగా మొదలైంది. చూడడం, వినడం, చదివి రాయడం, చేయడం అనే నాలుగు మార్గాలలో దేనివైపు మొగ్గు ఉందో విద్యార్థే గమనించుకోవడానికి అది సాయపడుతుందని ఆయన ఆశించారు. 1992లో కాలీన్ మిల్స్‌తో కలిసి ప్రచురించిన వ్యాసానికి పెట్టిన శీర్షికలోనే ఇది మరో కొలత పట్టిక కాదని, ఆత్మపరిశీలనకు ప్రేరకమని పేర్కొన్నారు. ఆ వివేకం ఎక్కువ కాలం నిలవలేదు. ఆలోచించుకోవడానికి ఇచ్చిన ప్రశ్న, తరగతి గదులలోకి వెళ్లేసరికి పిల్లల నుదుట అతికించే చీటీగా మారింది.

ఆ చీటీకి విలువ ఉందో లేదో తేల్చే పరీక్ష ఎలా ఉండాలో 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. చూడడం ఇష్టపడేవారిని, వినడం ఇష్టపడేవారిని రెండు వర్గాలు చేసి, ఒక్కో వర్గంలో కొందరికి చూపించి, కొందరికి వినిపించి, చివరికి అందరికీ ఒకే పరీక్ష పెట్టినప్పుడు, మొదటివారికి చూపడమూ రెండోవారికి వినిపించడమూ ఎక్కువ మేలు చేసిందని తేలితేనే ఈ ‘అభ్యసన శైలుల’ సిద్ధాంతం నిలుస్తుంది. అంత పకడ్బందీగా జరిగిన అధ్యయనాలు బహు కొద్దిగా ఉన్నాయని, వాటిలోనూ పలు ఫలితాలు ప్రతికూలంగానే ఉన్నాయని వారు చూపారు. ఇంతకన్నా ఆలోచింపజేసే ఫలితం 2017లో ఏబీ నోల్ బృందానిది: బొమ్మలను ఇష్టపడేవారు బొమ్మలు తమకు బాగా గుర్తుంటాయని, మాటలను ఇష్టపడేవారు మాటలు గుర్తుంటాయని ముందుగా అంచనా వేసుకొన్నారు గానీ, పరీక్షలో ఆ తేడా కనిపించలేదు. అభిరుచి పెంచింది నమ్మకాన్నే తప్ప జ్ఞాపకాన్ని కాదు.

ఏ ఇంద్రియం అవసరమో చాలా వరకు విషయమే నిర్ణయిస్తుంది. తోడి రాగంలోని సాధారణ గాంధారాన్ని స్వరలిపిలో ‘గ’ అనే ఒక్క అక్షరంగా రాయవచ్చు గానీ, దాని గమకం, అంటే స్వరానికి ఇచ్చే ఊపు, గురువు నోట వినాలి, వీణపై వేలికి తెలియాలి. చదువరి విద్యార్థికైనా అక్కడ పుస్తకం అంతకు మించి చేయగలిగింది లేదు. తెలుగువారి అవధానంలో ఘంటానాదాలను చెవితో, వీపుపై వేసే పూలను స్పర్శతో లెక్కించాలి, వరుస తప్పించి అందించిన అక్షరాలను మనసులో క్రమంలో పేర్చాలి. అవధానికి ఏ ఇంద్రియం ఇష్టమని ఏ పృచ్ఛకుడూ అడగడు.

అభిరుచికీ అవసరానికీ మధ్య గీత గీయవలసిన చోటు మరొకటి ఉంది. చూపు బాగా తక్కువైన ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం సంగీత కళాశాలలో 1919లో వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అటువంటివారికి చెవిపై ఆధారపడడం శైలి కాదు. చూపు లేని విద్యార్థికి బ్రెయిలీని, వినికిడి లేనివారికి సంజ్ఞాభాషను ‘అభ్యసన శైలి’ ఖాతాలో వేస్తే, హక్కుగా అందవలసినది సౌకర్యంగా దిగజారుతుంది.

సంభాషణలో మాత్రం అభిరుచిని మన్నించడానికి గట్టి కారణమే ఉంది, ఎందుకంటే అక్కడ కావలసింది జ్ఞాపకం ఒక్కటే కాదు, ఎదుటివారి ఓపిక కూడా. వాట్సాప్‌లో వచ్చిన సుదీర్ఘమైన వాయిస్ మెసేజ్‌ను వినకుండా వదిలేసేవారు అదే సంగతిని నాలుగు వాక్యాలలో రాస్తే వెంటనే బదులిస్తారు. ఊళ్లో ఉన్న పెద్దవారికి అవే నాలుగు వాక్యాలు ముభావంగా తోచి, ఫోన్‌లో గొంతు వింటే తప్ప మనసు కుదుటపడదు. రాసి పంపాలా, మాట్లాడాలా అని ముందే అడగడం వల్ల నష్టమేమీ లేదు. అయితే మందుల మోతాదు వంటివి వచ్చినప్పుడు ఈ మర్యాద చాలదు: వినడమే ఇష్టమన్న రోగికి కూడా ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కాగితంపై రాసిచ్చి, చదివి వినిపించి, తిరిగి ఆయన చేతనే చెప్పించుకోవాలి.